నాలుగు తీగలు: పాత బేస్‌కి కొత్త పికప్ వేయించాలా, వద్దా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పికప్‌ల గురించే, అంటే బేస్ గిటార్ తీగల కింద ఉండి వాటి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాల గురించే. మార్చాలా వద్దా, ఏది కొనాలి, మారిస్తే సౌండ్ మారిపోతుందా... సరే, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈ విడతంతా వీటికే ఇచ్చేశాను. పొడుగ్గా ఉన్న ఉత్తరాలు కాస్త కత్తిరించాను, ఏమనుకోకండి.

సార్, మా బాబాయి న్యూజెర్సీ నుంచి వచ్చేస్తూ తన 1974 ఫెండర్ జాజ్ బేస్ నాకిచ్చేశారు. ఇరవై ఏళ్లుగా పెట్టెలోనే ఉందట. ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) పెడితే సౌండ్ పేలవంగా ఉంది, నాబ్ తిప్పితే గరగర, ఒక్క పికప్ మీదే వాయిస్తే గుయ్యిమని ఒకటే హమ్. పికప్‌లు ముసలివైపోయాయి, కొత్తవి వేసేద్దాం, పాతవి నేనే తీసేసుకుంటా అని రిపేర్ చేసే ఆయన అంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

ముందు ఆ బేస్‌ని ఇంటికి తెచ్చేసుకోండి. "పాతవి నేనే తీసేసుకుంటా" అన్నాడు చూశారా, సంగతంతా అక్కడే ఉంది. పనికిరాని వస్తువైతే ఆయనకెందుకు?

పికప్ అంటే ఏముందండీ, ఎనిమిది అయస్కాంతం ముక్కలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. అంతే. పెట్టెలో ఉన్నంత మాత్రాన ఇరవై ఏళ్లకి అది ముసలిదైపోదు. అయస్కాంతం బలం తగ్గినా చాలా నెమ్మదిగా తగ్గుతుంది, ఆ తేడా మీ చెవికి ఆనదు. లోపల తీగ తెగితే మాత్రం పికప్ దాదాపు మూగబోతుంది. అది తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు. కేబుల్ గుచ్చి, ఒక వాల్యూమ్ పూర్తిగా పెంచి, రెండోది సున్నాకి దించి, కేబుల్ రెండో కొస దగ్గర రీడింగ్ చూడండి. ఏడెనిమిది కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తే ఆ పికప్ శుభ్రంగా ఉన్నట్టే. తర్వాత రెండోదానికీ ఇలాగే. తీగ తెగిపోయినా సరే కొత్తది కొనక్కర్లేదు, అదే బాబిన్ మీద మళ్లీ చుట్టేవాళ్లు ఉన్నారు.

ఇక మీ మూడు బాధలు. గరగర పికప్‌ది కాదు, పాట్‌లది, అంటే నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లది. ఇన్నేళ్లు తిప్పకుండా వదిలేస్తే లోపల దుమ్మూ తుప్పూ పట్టి ఆ పాట్‌లు మనల్ని నిజంగానే పాట్లు పెడతాయి. ఎలక్ట్రానిక్స్ షాపులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, కొద్దిగా కొట్టి ఓ యాభైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. హమ్ అయితే అసలు జబ్బే కాదు. జాజ్ బేస్‌లో రెండూ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు, ఒకదానికొకటి తిరగేసి చుట్టినవి, అయస్కాంతాల దిక్కు కూడా తిరగేసే ఉంటుంది. అందుకని రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెడితే ఒకదాని హమ్‌ని రెండోది కొట్టేస్తుంది. ఒక్కటే పెడితే గుయ్యిమంటుంది. 1960లో ఆ మోడల్ వచ్చిన నాటి నుంచీ అంతే, అందరూ దానితోనే కాపురం చేస్తున్నారు.

పేలవంగా ఉందన్నారు కదా, మొదటి అనుమానం మీరు మీటే తీగల మీద. అవి కూడా ఇరవై ఏళ్లవేగా! రెండో అనుమానం, పికప్ కింద ఉండే ఫోమ్ ముక్క. యాభై ఏళ్లకి అది పిండిలా రాలిపోతుంది, పికప్ కిందికి దిగిపోతుంది, తీగకి దూరమైపోతే సౌండ్ ఎక్కణ్ణించి వస్తుంది? కొత్త ఫోమ్ పెట్టించండి. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మి) దగ్గర తీగ నొక్కిపెట్టి చూస్తే తీగకీ పికప్ మీది అయస్కాంతానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలి, లావు తీగ వైపు కాస్త ఎక్కువ. అంతకంటే దగ్గరికి తెస్తే అయస్కాంతం తీగని లాగేసి శ్రుతి తేడాగా వినిపిస్తుంది.

ఎలాగూ మూత విప్పుతారు కాబట్టి పాట్‌ల వీపు మీద ఒత్తిన అంకెలు చూడండి, సరదాగా ఉంటుంది. 1377412 అని ఉందనుకోండి, 137 అంటే తయారుచేసింది సీటీఎస్ కంపెనీ, 74 అంటే ఏడాది, 12 అంటే ఆ ఏడాదిలో పన్నెండో వారం. గిటార్ అంతకంటే ముందు తయారై ఉండదు, తర్వాత ఎప్పుడైనా అయి ఉండొచ్చు. (1966లో ఫెండర్ వాళ్లు పాట్‌లు కుప్పలు తెప్పలుగా కొనిపెట్టుకున్నారు, అందుకే 60ల చివరి గిటార్లలో కూడా 66 నంబరే కనిపిస్తుంది.) మీ బేస్‌లో ఇంకో విశేషం ఉండాలి. 70ల మొదట్లో ఫెండర్ వాళ్లు బ్రిడ్జి (తీగల కింది కొసలు పట్టి ఉంచే ముక్క) దగ్గరి పికప్‌ని ఇంకో సెంటీమీటర్ దాకా బ్రిడ్జి వైపు జరిపారు, దాంతో సౌండ్‌లో పదును పెరిగింది. ఆ పదును కావాలని ఇప్పుడు కొత్త బేస్‌లు కొనేవాళ్లు 70ల కొలతలే అడిగి మరీ కొంటున్నారు, మీకు అసలు సరుకే ఇంట్లోకి నడిచొచ్చింది.

ఇన్ని చెప్పాక కూడా వేరే సౌండే కావాలనిపిస్తే మార్చుకోండి, బేస్ మీది. కానీ పాత పికప్‌లు, పాట్‌లు, స్క్రూలతో సహా ఒక కవర్‌లో వేసి, తేదీ రాసి, అదే పెట్టెలో పెట్టండి. పాత ఫెండర్లు కొనేవాళ్లు ముందు టంకం చూస్తారు, ఫ్యాక్టరీలో పెట్టిన టంకం కదిలిందంటే ధర దిగిపోతుంది. నాకీ సంగతి ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్ల క్రితం నా దగ్గరున్న ఒక పాత బేస్‌ని ఒక షాపులో ఇచ్చి కొత్త పికప్‌లు వేయించుకుని, పాతవి అడగడం మర్చిపోయి, వారం తర్వాత వెళ్తే "ఏ పికప్‌లు సార్?" అన్నారు. ఆ కొత్తవి కూడా నాకు నచ్చలేదు, అది వేరే కథ.

అన్నా, బీటెక్ సెకండియర్. నాది ఇరవై వేల లోపు చైనా పి-బేస్ (ఫెండర్ ప్రెసిషన్ బేస్ తరహాది). సౌండ్ మొద్దుగా ఉంటుంది. పది పన్నెండు వేలు పెట్టి మంచి పికప్ వేయిస్తే ఫెండర్‌లా అవుతుందా?
– ఒక విద్యార్థి, విజయవాడ

తమ్ముడూ, తీగలు మార్చి ఎన్నాళ్లయింది? కొన్నప్పుడు వచ్చినవే అయితే ముందు ఒక మంచి సెట్ కొని వేసి, మెడ వంపు, తీగల ఎత్తు, ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్‌ల దగ్గరా శ్రుతి) సరిచేయించి, ఓ రెండు వారాలు వాయించు. మొద్దు సౌండ్ సగం అక్కడే పోతుంది. రెండో ప్రశ్న, నీ ఆంప్ ఎంతది? ఆరంగుళాల స్పీకర్ ఉన్న ప్రాక్టీస్ ఆంప్‌లో ఎంత ఖరీదైన పికప్ పెట్టినా ఒకేలా మూలుగుతుంది, ఆ పది వేలు ఆంప్ మీద పెట్టడం నయం.

ఇవన్నీ అయ్యాక ఇంకా కావాలంటే మాత్రం పి-బేస్ పికప్ మార్చడం అన్నిటికంటే తేలిక. 1957లో ఫెండర్ వాళ్లు పికప్‌ని రెండు ముక్కలుగా విరగ్గొట్టి, రెండు తీగలకొకటి పెట్టారు, హమ్ పోయింది. అప్పటినుంచీ ఆ ఆకారం మారలేదు, ఏ కంపెనీది తెచ్చినా దాదాపు అన్నిట్లోనూ అదే గుంటలో కూర్చుంటుంది. (జాజ్ బేస్ వాళ్లు మాత్రం జాగ్రత్త, బ్రిడ్జి పికప్ రెండోదానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగు, చవక బేస్‌లలో ఒక్కోసారి రెండూ పొట్టివే ఉంటాయి. కొలిచి కొనండి.) పాతకాలం తీరుగా అల్నికో అయస్కాంతాలతో మామూలుగా చుట్టినవి తీసుకుంటే సౌండ్ గుండ్రంగా, మెత్తగా వస్తుంది. పావు అంగుళం లావు అయస్కాంతాలు వేసి గట్టిగా చుట్టినవి తీసుకుంటే గర్జిస్తుంది, రాక్ వాయించేవాళ్లకి బాగుంటుంది. నువ్వేం వాయిస్తావో రాయలేదు, కాబట్టి ఏది కొనాలో నేను చెప్పలేను.

షాపుకి కూలి ఇవ్వకు. ఉన్నవి రెండు వైర్లు. విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకుని, మీ కాలేజీలో ఈసీఈ వాళ్లెవరినైనా పట్టుకుని, ఒక బిర్యానీ పెట్టించి టంకం పెట్టించుకో. ఫెండర్‌లా అవుతుందా అంటే, అవ్వదు. కానీ మంచి పికప్ వేసిన చవక బేస్ స్టేజీ మీద ఎవరినీ నిరాశపరచదు, అమ్మేటప్పుడు పాతది తిరిగి పెట్టేసి కొత్తదాన్ని నీ వెంట తీసుకెళ్లిపోవచ్చు.

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఆఫీసులో ఒకాయన గ్రేట్‌ఫుల్ డెడ్ అనే పాత అమెరికన్ రాక్ బ్యాండ్ అంటే ప్రాణం పెడతాడు. ఆయన పోరు పడలేక విన్నాను. పాట ఇరవై నిమిషాలు సాగుతుంది, బేస్ వాయించే ఫిల్ లెష్ ఒక్కచోట నిలబడడు, అసలు బేస్ వాయిస్తున్నట్టే ఉండదు. ఏమిటాయన గొప్ప? నా పి-బేస్‌తో ఆ సౌండ్ వస్తుందా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

భలేవారండీ, ఆ బ్యాండ్ పుట్టిన ఊళ్ల మధ్యలోనే ఉండి నన్నడుగుతున్నారు. మీకు బే దాటితే మెన్లో పార్క్, అక్కడొక పిజ్జా షాపులో 1965 మేలో మొదటిసారి వాయించారు, అప్పటికి బ్యాండ్ పేరు వార్లాక్స్. తర్వాత కొద్ది వారాలకి ఫిల్ లెష్ వచ్చి చేరాడు. అప్పటిదాకా ఆయన చేతిలో బేస్ గిటార్ పట్టిన మనిషే కాదు! చిన్నప్పుడు వయొలిన్, తర్వాత ట్రంపెట్, ఆపైన మిల్స్ కాలేజీలో లుచానో బెరియో అనే ఇటాలియన్ స్వరకర్త దగ్గర ఆధునిక సంగీత రచన చదువుకున్నాడు. అలాంటివాడి చేతికి నాలుగు తీగలిస్తే ఏం చేస్తాడు? బేస్‌వాళ్లందరూ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మొదటి స్వరం మీద కూర్చుంటే ఈయన కింద ఇంకో రాగం అల్లుతూ పోయాడు. మీకు బేస్ వాయిస్తున్నట్టు లేదు అనిపించింది అందుకే, మీ చెవి సరిగ్గానే విన్నది.

ఇలా అప్పటికప్పుడు అల్లుకుంటూ పాటని సాగదీయడాన్ని జామ్ అంటారు. జామ్ బ్యాండ్ అంటే మన రాగం తానం పల్లవి లాంటిదే కదా అని కొందరంటారు. కొంతవరకే. మన కచేరీలో గాయకుడు దారి చూపిస్తే వయొలిన్, మృదంగం వెంట నడుస్తాయి. వీళ్లలో ముందు నడిచేవాడు ఎవరో ముందుగా తెలియదు, అయిదారుగురూ ఒకేసారి వెతుక్కుంటూ పోతారు, ఒక్కోసారి దారి తప్పి పది నిమిషాలు విసుగు పుట్టిస్తారు కూడా. ఆ విసుగు కూడా అందులో భాగమేనని అభిమానులు వాదిస్తారు. నేనైతే ఫార్వర్డ్ చేస్తాను.

ఇప్పుడు పికప్‌ల దగ్గరికి వద్దాం, ఇక్కడే కథ బాగుంటుంది. రెండు గిటార్లు, ఒక కీబోర్డ్, 1967 నుంచి ఇద్దరు డ్రమ్మర్లు. అంత గోలలో ఆ కాలం బేస్ దుబుదుబుమని మాత్రమే వినపడేది. మామూలుగా కొట్టేవాడికి అది చాలు, కింద ఇంకో రాగం అల్లేవాడికి చాలదు, ప్రతి స్వరం విడిగా వినపడాలి. లెష్ దగ్గర గిల్డ్ స్టార్‌ఫైర్ అనే సగం బోలు బేస్ ఉండేది, పొట్టి మెడ, అందులో స్వీడన్ హాగ్‌స్ట్రోమ్ కంపెనీ పికప్‌లు. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే బ్యాండ్‌లో వాయించే జాక్ కాసడీ దగ్గరా అదే రకం. ఆ రెండు బేస్‌లూ వెళ్లి పడ్డది అలెంబిక్ అనే వర్క్‌షాపులో, అది డెడ్ బృందం చుట్టూనే 1969లో మొదలైంది. రాన్ వికర్‌షామ్ ఎలక్ట్రానిక్స్ మనిషి, రిక్ టర్నర్ గిటార్లు చేసే మనిషి.

వాళ్లు పట్టుకున్న కిటుకు ఇది. పికప్‌కి ఎక్కువ చుట్లు చుడితే సౌండ్ పెద్దదవుతుంది, కానీ పై స్వరాల పదును చచ్చిపోతుంది. తక్కువ చుడితే అద్దంలా స్పష్టంగా ఉంటుంది, కానీ సిగ్నల్ మరీ పీలగా ఉంటుంది. అయితే తక్కువే చుట్టి, బేస్ కడుపులోనే బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్ పెట్టేస్తే? ఇవాళ యాక్టివ్ బేస్ అని మనం అనేదానికి పునాదుల్లో ఇదొకటి. లెష్ బేస్ మీద నాబ్‌లు పెరుగుతూ పోయి విమానం కాక్‌పిట్‌లా తయారైంది. అంతటితో ఆగారా అంటే లేదు. ఒక్కో తీగకి ఒక్కో పికప్ ఉన్న బేస్ చేశారు. 1974లో వాల్ ఆఫ్ సౌండ్ అని డెడ్ వాళ్లు ఒక రాక్షస స్పీకర్ల గోడ కట్టుకున్నారు, దాదాపు 75 టన్నుల బరువు, అందులో లెష్ నాలుగు తీగలూ నాలుగు వేర్వేరు స్పీకర్ల వరసల్లోంచి వినిపించగలిగేవి. ఒక తీగ ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి! ఆ గోడని లారీల్లో తిప్పే ఖర్చు తట్టుకోలేక ఆ ఏడాది చివరికల్లా కట్టిపెట్టేశారనుకోండి.

ఈయనొక్కడే కాదు. జార్జియాలో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ బెరీ ఓక్లీ ఇంకా మొరటుగా చేశాడు. ఒక ఫెండర్ జాజ్ బేస్‌ని తొలిచి, అందులో గిల్డ్ బేస్‌ది అదే హాగ్‌స్ట్రోమ్ పికప్ దింపాడు. ఆ బేస్‌కి ట్రాక్టర్ అని పేరు పెట్టుకున్నాడు, వింటే ఎందుకో తెలుస్తుంది. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో వాళ్లు రికార్డ్ చేసిన లైవ్ ఆల్బమ్ పెట్టి బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. పాపం, మరుసటి ఏడాదే మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు, 24 ఏళ్లు. తర్వాతి తరంలో ఫిష్ బ్యాండ్ మైక్ గార్డన్ అయిదు తీగల మాడ్యులస్ బేస్‌తో చాలా ఏళ్లు వాయించాడు, దాని మెడ చెక్క కాదు, కార్బన్ ఫైబర్. ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం.

పైన కూకట్‌పల్లి ఆయనకి మార్చొద్దని చెప్పి ఇక్కడ కోసి పారేసినవాళ్లని మెచ్చుకుంటున్నానేమిటని మీరు అడగొచ్చు. వాళ్లు కోసినప్పుడు అవి పాత బేస్‌లు కావు కదా, రోజూ పనికెళ్లే పనిముట్లు. పైగా తమకి ఏ సౌండ్ వినపడటంలేదో వాళ్లకి ముందే తెలుసు, దానికోసం కోశారు. ఏం కావాలో తెలియకుండా పికప్ కొంటే కొంటూనే ఉంటాం, నా అలమరలో అట్టపెట్టె నిండా ఉన్నాయి.

మీ పి-బేస్‌తో అచ్చం ఆ సౌండ్ రాదు. కానీ టోన్ నాబ్ పూర్తిగా తెరిచి, వేళ్లు మానేసి పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో), కాస్త బ్రిడ్జి వైపు జరిగి వాయించండి, ఆ దారిలో సగం దూరం వెళ్తారు. లెష్ ఎక్కువగా పిక్‌తోనే వాయించేవాడు. బాగా మోజు పుడితే గిల్డ్ వాళ్లు స్టార్‌ఫైర్‌ని అదే తరహా పికప్‌లతో మళ్లీ తయారుచేశారు, షాపులో ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. వినడానికి మాత్రం 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్ కచేరీ. అభిమానులు దాన్ని టేపుల మీద టేపులు కాపీ చేసుకుని దశాబ్దాలపాటు పంచుకున్నారు, 2017లో గానీ బ్యాండ్ తరఫున ఆల్బమ్‌గా రాలేదు. లెష్ 2024 అక్టోబర్ 25న పోయారు, 84 ఏళ్లు. మీ ఆఫీసాయన్ని ఆ రోజు ఎక్కడున్నావని అడగండి, ఓ గంట చెప్తారు.

ఇంట్లో వాయిస్తుంటే హమ్. తీగలు ముట్టుకుంటే తగ్గుతుంది, వదిలేస్తే పెరుగుతుంది. షాక్ కొడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పికప్ పాడైందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

పికప్ బాగానే ఉంది. ముట్టుకుంటే తగ్గుతోందంటే బ్రిడ్జికి గ్రౌండ్ వైరు ఉందని అర్థం, లోపల షీల్డింగ్ చాలటంలేదు. పికప్ గుంటలోనూ, పాట్‌ల గుంటలోనూ రాగి రేకు టేపు అంటించి గ్రౌండ్‌కి కలపండి, ఒక ఆదివారం పని. అయితే అంతకంటే ముందు మీ ప్లగ్ పాయింట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికి ఉంటుంది. హమ్ తగ్గుతుందని కొందరు ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, అప్పుడు మీ భయం నిజమవుతుంది. సరదాకి ఒక మాట: మన కరెంటు 50 హెర్ట్జ్, మీ లావు తీగ మూడో ఫ్రెట్ మీద జి స్వరం 49 హెర్ట్జ్. అంటే మీ ఇల్లు దాదాపు జి శ్రుతిలో పాడుతోంది. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి హమ్ శ్రుతి వేరు.

డాలస్ నుంచి మా అన్నయ్య 1963 ప్రెసిషన్ బేస్, దాంతోపాటు పాత ఆంప్ తెస్తానంటున్నాడు. ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

రెండున్నాయి. ఆ కాలం ఫెండర్ల ఫింగర్‌బోర్డ్ బ్రెజిల్ రోజ్‌వుడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. 1992 నుంచి ఆ చెక్క మీద సైటీస్ (అంతరించిపోయే జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే) ఒప్పందం కింద అన్నిటికంటే కఠినమైన ఆంక్షలున్నాయి, గిటార్ ఎంత పాతదైనా సరే, దేశం దాటించాలంటే కాగితాలు కావాలి. బయల్దేరకముందే ఆ పని చూసుకోమనండి. 60ల మధ్య తర్వాత వచ్చిన వాటిలో ఎక్కువగా మన భారతీయ రోజ్‌వుడ్డే, తయారైపోయిన వాయిద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు కాబట్టి వాటితో ఆ బెడద లేదు. ఇక అక్కడి ఆంప్ 120 వోల్టులది, ఇక్కడ నేరుగా గుచ్చితే ఒక్క క్షణం పొగ, తర్వాత నిశ్శబ్దం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, లేదా ఆంప్ అక్కడే అమ్మేసి రమ్మనండి.

నేను చర్చి బ్యాండ్‌లో బేస్ వాయిస్తాను. ప్రార్థన సాగుతుండగా ఒక్కోసారి పది నిమిషాలు రెండే కార్డ్‌ల మీద తిరుగుతుంటాం. ఏం వాయించాలో తోచక అదే స్వరం కొడుతూ ఉంటాను. బేస్ కూడా చవకదే. పికప్ మారిస్తే కొంచెం ఉత్సాహం వస్తుందేమో?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

అమ్మా, మీరు వారం వారం చేస్తున్నది జామే, పేరు తెలియక అడుగుతున్నారు. పికప్ జోలికి పోవద్దు. డ్రమ్మర్ కుడికాలు చూడండి, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడ్డచోటే మీ స్వరం పడాలి, అది కుదిరాక మాత్రమే మిగతావి. మొదటి రెండు నిమిషాలు మీరిప్పుడు వాయిస్తున్నదే వాయించండి. తర్వాత ఒక్కటి మార్చండి, ఒక్కటే. కార్డ్ మారే ముందు కింది నుంచి ఒక స్వరం జారుతూ రండి, లేదా అదే స్వరాన్ని పైస్థాయిలో పట్టండి. ఇంకో రెండు నిమిషాలయ్యాక ఒక చుట్టు పూర్తిగా మానేయండి, ఏమీ వాయించకండి. మళ్లీ మీరు లోపలికి వచ్చినప్పుడు కీబోర్డ్ అబ్బాయి తల తిప్పి మీవైపు చూస్తాడు. అప్పుడు అతను ఏం వాయిస్తాడో విని, దానికి జవాబు వాయించండి.